తెరిచి వదిలిన సెటప్ పేజీ

సిస్టమ్ అడ్మిన్‌ను లిఫ్టులో చంపేశారు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు కూడా ఆగిపోయింది. డిపార్ట్‌మెంట్‌లో ఎక్కువమంది బాధపడింది రెండో విషయానికే.

వదిన మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండానే చీఫ్ అయిన పెద్దాయన గది తలుపు తోసింది. చీఫ్ నుంచి అటెండర్ దాకా ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. ఆమె సొంత మరిది ఇదే ఆఫీసులో చేరిన కొత్తలో, కారిడార్ ఆ చివర నుంచి "వదినా! వదినా!" అని కేకలేస్తూ తిరిగేవాడు. గూఢచారులకు రహస్యాలు దాచడం వచ్చు గానీ నోళ్ళు కట్టుకోవడం రాదు. ఆ పిలుపు అందరికీ అంటుకుంది. చివరికి అదే ఆమె కోడ్‌నేమ్ అయి కూర్చుంది.

యాభై దాటిన మనిషి. కళ్ళజోడు, భుజాన బరువైన సంచి. దారిలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. ఈ ఉద్యోగానికి అంతకన్నా గొప్ప క్వాలిఫికేషన్ లేదు.

"కూర్చోమ్మా వదినా," అన్నాడు పెద్దాయన. ఆయన ఎదుట స్క్రీన్ మీద డిపార్ట్‌మెంట్ రహస్య పోస్టాఫీసు తెరిచి ఉంది. దాని పేరు "మన ఇంటి మొక్కలు". చూసేవాళ్ళకు అది మొక్కల పెంపకం మీద ప్రశ్నలూ జవాబులూ ఉండే వెబ్‌సైట్. "ఎరువు అందింది" అంటే కాగితాలు చేరాయని. "గులాబీకి చీడ పట్టింది" అంటే ఎవరికో అనుమానం వచ్చిందని. "కుండీ మార్చండి" అంటే ఉన్నపళంగా పారిపొమ్మని. తెలియక నిజం మొక్కలవాళ్ళు కూడా వచ్చి సందేహాలు అడిగేవారు. పాపం అడ్మిన్ వాళ్ళకీ ఓపిగ్గా జవాబులు రాసేవాడు.

"మన సైటు అద్దె సర్వర్ మీద ఉంది. ఆ హోస్టింగ్ కంపెనీని నిన్న గొడుగు ముఠా కొనేసింది," అన్నాడు పెద్దాయన.

వదిన సంచి కింద పెట్టింది. గొడుగు ముఠా పరదేశపు ముఠా. వాళ్ళ దగ్గర గుమాస్తా వేషంలో ఉన్నది ఆమె మరిది.

"వాడు సైటు తెరిచే రోజు ఇవాళే కదూ?"

"ఇవాళే. నాలుగింటికి. ఏదో ఊళ్ళో, ఏదో ఇంటర్నెట్ షాపులో కూర్చుని తెరుస్తాడు. ఏ ఊరో, ఏ షాపో ఆ క్షణంలో సర్వర్ యజమానికి తెలిసిపోతుంది. ఇప్పుడు యజమానులు వాళ్ళే."

"సైటు మూసేయండి."

"తెరుచుకోకపోతే మళ్ళీ వారం దాకా ఉన్నచోటే ఉండమని మనమే రూలు పెట్టాం. వాడు ఉంటాడు. లోపల ఎవరో ఉన్నారని వాళ్ళకి తెలిసిపోయింది. వారం దాకా ఎక్కడమ్మా, రేపటికే పట్టేసుకుంటారు."

"ఇంకో దారిలో కబురు పంపలేమా?"

"ఇంకో దారి పెట్టలేదు." పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "బడ్జెట్."

ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు చచ్చినా కారణం దగ్గర చివరికి ఆ మాటే ఉంటుందని వదినకు తెలుసు.

"ఒక్కటే అవకాశం," అన్నాడాయన. "సైటు పేరు మాత్రం మన చేతిలోనే ఉంది. పేరు వేరు, సర్వర్ వేరు. నువ్వు వేరే సర్వర్ మీద ఈ సైటును మళ్ళీ నిలబెట్టు. నాకు ఫోన్ చేసి 'నీళ్ళ బిల్లు కట్టేశాను' అను. పేరును నేను అటు తిప్పేస్తాను. వాడు ఎప్పటిలాగే పేరు కొడతాడు, పాత ఇంటికి పోకుండా మనింటికి వస్తాడు. మొదటి పేజీ మీద 'కుండీ మార్చండి' అని ఉండాలి. అంతే."

"వేరే సర్వర్ అంటే? మనకుందా?"

"కొనమని ఫైలు పెట్టాను. తిరుగుతోంది. అయినా ఈ బిల్డింగ్‌లో ప్రతి వైరూ వాళ్ళు వింటున్నారు. ఎవరూ ఊహించని చోటు కావాలి. మీ ఇంట్లో ఒకటుంది కదా?"

నవ్వే పరిస్థితి కాదు గానీ వదినకు నవ్వొచ్చింది. "అది మా ఆయన ఫోటోల డబ్బా సార్. వాషింగ్ మెషీన్ పక్కన పడి ఉంటుంది."

"అందుకే."

పెద్దాయన సొరుగులోంచి జడపిన్ను తీసి ఇచ్చాడు. తల తిప్పితే పెన్‌డ్రైవ్. అందులో సైటు బ్యాకప్ ఉంది. అడ్మిన్ చివరగా చేసిన పని అదే.

అప్పుడే గదిలోకి సెంటు వాసన వచ్చింది. కాసేపటికి మనిషి వచ్చాడు.

అతన్ని అందరూ సెంటుబాబు అంటారు. సైబర్ కన్సల్టెంట్. ఆరడుగుల మనిషి, నలగని చొక్కా, పళ్ళపొడి ప్రకటనలాంటి నవ్వు. అతను కారిడార్‌లో నడిస్తే టైపింగ్ సెక్షన్‌లో తప్పులు పెరిగేవి.

"సెంటుబాబు నీకు సాయం వస్తాడు," అన్నాడు పెద్దాయన.

"మీ లాంటి సీనియర్‌తో పనిచేయడం నా అదృష్టం వదినా," అన్నాడు సెంటుబాబు, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

వదినకు ఆ పిలుపు అతని నోట ఎప్పుడూ నచ్చలేదు. నచ్చకపోవడం సాక్ష్యం కాదు కదా అని ఊరుకుంది.

*

వదిన భర్త రిటైరైన భూగోళం మాస్టారు. భార్య నీటి పన్నుల ఆఫీసులో పనిచేస్తుందనీ, తమ్ముడు ఓడలో అకౌంట్స్ చూస్తాడనీ ఆయన నమ్మకం. "మన ఫోటోలు మన ఇంట్లోనే ఉండాలి" అన్నది ఆయన సిద్ధాంతం. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, నడవాలో వాషింగ్ మెషీన్ పక్కన పెట్టి, దాన్ని సర్వర్ చేశాడు. ఫోటోల సైటు పెట్టాడు. ఇంటి సామాన్లకు ఒక అప్లికేషన్ పెట్టాడు, అందులో ఉప్పు అయిపోయిందని రాస్తే వదిన ఫోన్ మోగేది. పక్క గదిలోంచి.

"మెకానిక్‌ని తెచ్చావేంటి? మెషీన్ బాగానే ఉందే," అన్నాడు మాస్టారు, సెంటుబాబు నీలం యూనిఫాం చూసి. ఆ యూనిఫాంకి కూడా ఇస్త్రీ మడత కత్తిలా ఉంది.

"మెకానిక్కే గానీ మీ సర్వర్‌కి. మా ఆఫీసు సైటు ఒకటి ఇవాళ్టికి దీని మీద పెట్టాలండీ."

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్య ఆ డబ్బా వైపు చూడటం, దుమ్ము దులపడానికి కాకుండా, ఇదే మొదలు. "రా, రా! చూడు, బయటి నుంచి ఎవరొచ్చినా ముందు ఈ వాచ్‌మన్ ప్రోగ్రామ్ దగ్గర ఆగాలి. ఏ పేరు అడిగినవాళ్ళని ఏ గదికి పంపాలో వీడి ఫైల్లో ఒక్కో లైను రాసి ఉంటుంది. ఫోటోలు అడిగితే ఫోటోల గది. సామాన్లు అడిగితే సామాన్ల గది. కొత్త సైటంటే కొత్త గది కట్టి, ఇక్కడ ఒక లైను రాయడమే. కరెంటు పోయినా భయం లేదు. యూపీఎస్ ఉంది."

"దాని బ్యాటరీ మార్చాలన్నారు కదా?"

"మారుస్తాను," అన్నాడు మాస్టారు. పోయినేడు కూడా అదే మాట.

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరు ఏజెంట్లూ కూర్చున్నారు. ప్రోగ్రామ్ దిగింది. డేటాబేస్ లేచింది. స్క్రీన్ మీద సెటప్ పేజీ వచ్చింది: అడ్మిన్ పేరు పెట్టండి, పాస్‌వర్డ్ పెట్టండి.

వదిన చెయ్యి కీబోర్డ్ మీదికి వెళ్ళింది.

"ఆగండి వదినా," అన్నాడు సెంటుబాబు మెత్తగా. "ఇది తర్వాత. ముందు బయటికి తెరుద్దాం. పేరు తిప్పించి, సైటు నమ్మకమైందేనని చెప్పే సర్టిఫికెట్ తీసుకుందాం. అడ్రస్ పక్కన తాళం బొమ్మ లేకపోతే మీ మరిది లాగిన్ అవ్వడు కదా. టైం లేదు."

మాటలో తప్పేమీ లేదు. తాళం బొమ్మ కావాల్సిందే. కానీ వదిన తల తిప్పకుండా కళ్ళు మాత్రం భర్త వైపు తిప్పింది. మాస్టారు నోరు తెరిచాడు. ఆమె చూపు చూసి మళ్ళీ మూసుకున్నాడు.

సొంతంగా సర్వర్ పెట్టుకున్న ఏ మనిషీ ఆ పని రెండోసారి చేయడు. ఒకసారి చేస్తాడు. మాస్టారూ చేశాడు. పెళ్ళి ఫోటోల సైటు దింపి, సెటప్ పేజీ అలాగే వదిలి, బయటికి తెరిచి, భోజనానికి లేచాడు. ఆ పేజీని ముందు ఎవరు నింపితే వాళ్ళే అడ్మిన్. కొత్త సర్టిఫికెట్ ఏ పేరుతో పుట్టినా ఆ సంగతి అందరూ చూసే పట్టీలోకి ఎక్కుతుంది. దాన్ని కనిపెట్టుకుని కూర్చునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. మాస్టారు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పరదేశి ఎవడో సైటుకు యజమాని అయి, పెళ్ళి ఆల్బమ్ మొదటి పేజీలో తన ఫుట్‌బాల్ జట్టు ఫోటో పెట్టాడు. "ఈ కుర్రాళ్ళంతా పెళ్ళికొడుకు తరఫా?" అని మేనత్తలు ఫోన్లు చేశారు.

మాస్టారికే తెలిసిన ఆ సంగతి సైబర్ కన్సల్టెంట్‌కి తెలియదా?

తెలుసు. అందుకే తెరవమంటున్నాడు.

అడ్మిన్ లిఫ్టెక్కే ముందు కారిడార్‌లో సెంటు వాసన ఉండే ఉంటుందని వదినకు అప్పుడనిపించింది. గొంతు మామూలుగానే పెట్టి, "మీరే పెద్దవాళ్ళు ఈ విద్యలో. అలాగే కానివ్వండి," అంది.

"ఒక్క నిమిషం. ఇక్కడ సిగ్నల్ లేదు," అని సెంటుబాబు ఫోన్ తీసుకుని వెనక బాల్కనీలోకి వెళ్ళాడు. లోపల సిగ్నల్ నిండా ఉంది.

వదిన జడపిన్ను తీసి, దాని తల తిప్పి, మాస్టారి చేతిలో పెట్టింది. "పడకగదిలోకి వెళ్ళండి. మీ లాప్‌టాప్ నుంచి ఇదే సైటుకి రెండో గది కట్టండి. ఇందులో బ్యాకప్ ఉంది. సెటప్ పూర్తి చేసి, మంచి పాస్‌వర్డ్ పెట్టండి. మొదటి పేజీ మీద గులాబీ బొమ్మ, దాని కింద 'కుండీ మార్చండి' అని. బయటికి మాత్రం చూపించకండి."

మాస్టారు పిన్నునూ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "నీటి పన్నుల ఆఫీసులో ఇలాంటివి ఇస్తారా?"

"అన్నీ తర్వాత చెప్తానండీ."

"నాకప్పుడే అనుమానం. నువ్వు నీళ్ళ గురించి ఇంట్లో ఒక్క మాటైనా మాట్లాడగా వినలేదు," అని ఆయన లోపలికి వెళ్ళాడు.

సెంటుబాబు తిరిగొచ్చేసరికి వదిన ఫోన్‌లో ఉంది. "నీళ్ళ బిల్లు కట్టేశాను."

*

సర్టిఫికెట్ వచ్చింది. తాళం బొమ్మ వచ్చింది. సెటప్ పేజీ తలుపులు బార్లా తెరుచుకుని వీధిలోకి చూస్తోంది.

"ఇప్పుడు పాస్‌వర్డ్ పెడదామా?" అంది వదిన.

"కాస్త మంచినీళ్ళు ఇస్తారా?"

ఆమె లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చింది, ఏమాత్రం తొందరపడకుండా. వచ్చి చూస్తే సెటప్ పేజీ లేదు. ఆ స్థానంలో లాగిన్ పేజీ ఉంది. ఎక్కడో కూర్చున్న గొడుగు ముఠా మనిషి దాన్ని నింపేశాడు.

"అయ్యో, ఇదేంటి?" అంది.

"నేనే నింపాను. చెప్పడం మర్చిపోయాను," అన్నాడు సెంటుబాబు.

కాసేపటికి మొదటి పేజీ మీద అక్షరాలు మొలిచాయి. *వదిన వచ్చింది. ఇక భయం లేదు. రైల్వే స్టేషన్ గడియారం కింద నిలబడు.*

వదిన ఆ మాటలు చదివింది. వాళ్ళకు మనిషి ప్రాణంతో కావాలి, అందుకే ఈ ఎర. ఆమె కాపురానికొచ్చేనాటికి వాడు జోళ్ళు తిరగేసి తొడుక్కునే వయసు. ఏది తిన్నా, ఎక్కడ పడినా ఆ పిలుపే. ఇప్పుడు ఆ ఒక్క మాట కనిపిస్తే చాలు, శిక్షణంతా గాలికొదిలేసి పరుగెత్తుకుంటూ వస్తాడు.

పడకగదిలోంచి మాస్టారు గొంతు వినిపించింది. "ఏమోయ్, గది సర్దేశాను!"

వదిన వాచ్‌మన్ ఫైలు తెరిచి, ఒక్క లైను మార్చింది. మొక్కల సైటు అడిగినవాళ్ళని మొదటి గదికి కాదు, రెండో గదికి పంపు. ఇక ఎంటర్ నొక్కడమే మిగిలింది.

"చేతులు తీయండి వదినా," అన్నాడు సెంటుబాబు. పనిముట్ల పెట్టెలోంచి తుపాకీ వచ్చింది. నవ్వు మాత్రం అలాగే ఉంది. "నాలుగు కావస్తోంది. ఇక మీరు కష్టపడక్కర్లేదు."

"నువ్వా బాబూ?"

"మీ దగ్గర జీతాలు మరీ తక్కువ."

ఆ విషయంలో వదినకు వాదించడానికేమీ దొరకలేదు. రెండు చేతులూ పైకెత్తింది. ఒళ్ళో ఉన్న సంచి జారబోయింది.

"ఇది ఎక్కడ పెట్టను?"

"ఎక్కడో ఒకచోట పెట్టండి."

పెట్టింది. కీబోర్డ్ కుడి చివర, ఎంటర్ మీద.

సెంటుబాబు ఫోన్‌లో పేజీ మారిపోయింది. స్టేషన్ గడియారం పోయింది. గులాబీ వచ్చింది. కింద ఒకటే మాట: కుండీ మార్చండి.

అతని నవ్వు మొదటిసారి పోయింది. సర్వర్‌ను కాల్చాలంటే దారిలో వాషింగ్ మెషీన్ అడ్డం. అంతకన్నా తేలిక పని తోచింది. మెయిన్ స్విచ్ వెనక బాల్కనీలో ఉంది. ఒక్క ఉదుటున అక్కడికి దూకి స్విచ్ దించేశాడు. ఫ్రిజ్ ఆగింది, ఫ్యాన్ ఆగింది.

మెయిన్ స్విచ్ బాల్కనీలోనే ఉంటుంది గానీ తలుపు గడియ ఇంటి లోపల ఉంటుంది. వదిన ఇనప తలుపు లాగి గడియ పెట్టింది.

అవతలి నుంచి తుపాకీ పేలింది. తలుపు సొట్ట పడింది గానీ ఊడలేదు.

"రంగు వేయించి నెల కాలేదు!" అంటూ మాస్టారు పడకగదిలోంచి బయటికొచ్చాడు. యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటోంది. సర్వర్, రౌటర్ దాని మీదే బతుకుతున్నాయి. "ఎవరి కోసం ఇదంతా?"

"మీ తమ్ముడి కోసం."

"వాడు ఓడలో కదా ఉన్నాడు."

"లేడండీ."

మాస్టారు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. లాప్‌టాప్ స్క్రీన్ మీద సర్వర్ లాగ్ కదులుతోంది. సైటుకు ఎవరొచ్చినా అందులో ఒక లైను పడుతుంది. ఒక లైను పడింది. సెర్చ్ ఇంజన్. ఇంకొకటి పడింది. ఎవరో గృహిణి, తన మల్లెకు మొగ్గ రావడం లేదని రాసింది.

"ఇప్పుడే కావాల్సొచ్చిందా ఈవిడకి!" అన్నాడు మాస్టారు.

కుయ్యిమనడం వేగం పెరిగింది. "బ్యాటరీ మార్చాల్సింది," అన్నాడాయన, తనలో తానే.

నాలుగైంది. లైను పడింది. పరదేశపు అడ్రస్. మరిది వాడే పేరుతో లాగిన్. మొదటి పేజీ. వెంటనే మళ్ళీ మొదటి పేజీ. వాడు రెండోసారి చదువుకున్నాడు.

ఆ తర్వాత ప్రశ్నల గదిలో ఒక ప్రశ్న వచ్చింది. *కుండీ మారుస్తాను. ఇక మీదట సందేహాలు ఎక్కడ అడగాలి, వదినా?*

ఆ చివరి మాట రాయకూడదు. రూలు. వాడెప్పుడు విన్నాడు గనక.

ఏమని చెప్పాలి? పాత సర్వర్ శత్రువుది. ఈ సర్వర్ ఏ ఇంట్లో ఉందో బాల్కనీలో ఉన్నవాడు ఈపాటికి చెప్పేసే ఉంటాడు. ఇంకో దారికి బడ్జెట్ లేదు. వదిన వేళ్ళు కీబోర్డ్ మీద ఆగిపోయాయి.

"చెప్పు. వాడు ఎదురు చూస్తాడు," అన్నాడు మాస్టారు. "అన్నయ్య పక్కనే ఉన్నాడని రాయి."

ఆమె రాసింది. *ఎక్కడా అడగకు. నీళ్ళు నువ్వే పోసుకో నాయనా. అన్నయ్య పక్కనే ఉన్నాడు.* పంపు అన్న బటన్ నొక్కింది.

యూపీఎస్ పొడుగ్గా ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. సర్వర్ లైటు ఆరిపోయింది. ఆ మాట దీపం ఉండగా వెళ్ళిందో, ఆరాక మిగిలిందో చెప్పేవాళ్ళెవరూ లేరు.

*

పెద్దాయన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బాల్కనీలోంచి సెంటుబాబును తీసుకుపోయారు. వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

"భేష్ వదినా! సెటప్ పేజీ నింపినవాడి అడ్రస్ మన లాగ్‌లో పడింది. గొడుగు ముఠా ఎక్కడ కూర్చుందో దొరికింది," అన్నాడు పెద్దాయన, చేతులు రుద్దుకుంటూ. "పెద్ద సక్సెస్."

"వాడు బయటపడ్డాడా సార్?"

"మెసేజ్ చదివాడు కదా."

"బయటపడ్డాడా?"

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "తెలిసే దారి లేదమ్మా. ఆ దారే ఇది." చేత్తో ఆరిన సర్వర్‌ను చూపించాడు. "లాగ్ కాపీ ఒక్కటే తీసుకుంటాం, మరే ఫైలూ బయటికి పోనివ్వడానికి లేదు. డిస్కు మాత్రం ఇప్పుడే ధ్వంసం చేయాలి. వాడు కూర్చున్న షాపు అడ్రస్ అందులో ఉంది. మీరూ చీకటి పడేలోగా ఇల్లు ఖాళీ చేయండి. వాళ్ళకి ఈ గుమ్మం తెలుసు."

డ్రిల్లింగ్ మెషీన్ మాస్టారిదే. డిస్కుకు చిల్లులు పెడతానని ఆయనే అన్నాడు. వేరేవాళ్ళు ముట్టుకుంటే సర్వర్‌కు పడదన్నాడు. మొదటి చిల్లు పెట్టేముందు ఆగాడు.

"వాడి ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి," అన్నాడు. "జోళ్ళు తిరగేసి వేసుకున్నది కూడా."

వదినకు తెలుసు. మిగతా చోట్ల ఉన్నవన్నీ వాణ్ణి పంపే ముందు డిపార్ట్‌మెంట్ చెరిపేసింది. ఆ చెరిపిన బృందంలో ఆమె కూడా ఉంది.

"బ్యాకప్ తీశారుగా?" అంది, ఆశ చావక. "రోజూ తీస్తానని చెప్పేవారు."

"తీశాను. ఒక్క రోజు కూడా తప్పలేదు."

"ఎక్కడుంది?"

మాస్టారు డిస్కు వైపు చూశాడు. "ఇందులోనే. వేరే ఫోల్డర్‌లో పెట్టాను."

ఆ తర్వాత చాలాసేపు డ్రిల్లు చప్పుడే వినిపించింది.

సాయంత్రం సామాన్ల పెట్టెల మధ్య, ఏ ఊరు వెళ్ళాలో ఇంకా చెప్పని వ్యాను కోసం ఇద్దరూ కూర్చున్నారు. వదిన ఫోన్ మోగింది. డిపార్ట్‌మెంట్ నుంచి మెసేజ్. మాస్టారు చటుక్కున ఆమె వైపు తిరిగాడు.

"ఏమైనా తెలిసిందా?"

వదిన చదివి ఫోన్ సంచిలో పడేసింది.

"తెలిసింది. లిఫ్టు బాగైందట."